నోటు బాకీకి కోర్టుకెళ్లాలా? అపోహలు - వాస్తవాలు

ప్రామిసరీ నోటు రాయించుకుని ఇచ్చిన బాకీ తిరిగి రాకపోతే, దావా వేయాలా వద్దా అని తేల్చుకునే ముందు రెండు చూడండి: నోటు మీద తేదీ, బాకీదారు పేరున ఉన్న ఆస్తి.

అపోహ: లాయర్ నోటీసు ఇచ్చాం కదా, గడువు ఆగుతుంది.
ఆగదు. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన ప్రామిసరీ నోటుకు, రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోపు దావా పడాలి. 2023 జూన్ 10 నాటి నోటుకు 2026 జూన్ 10 ఆఖరు రోజు. గడువును మళ్లీ మొదలుపెట్టేది బాకీదారు సంతకమే. కొంత సొమ్ము ఇచ్చిన రోజున నోటు వెనక తేదీ, మొత్తం రాయించి సంతకం తీసుకుంటే ఆ చెల్లు నుంచి ఇంకో 3 ఏళ్లు వస్తాయి. ఇదంతా గడువు తీరకముందే జరగాలి. అప్పిచ్చినవారే చెల్లు రాసుకుని సంతకం వదిలేయడం వల్ల నిజమైన బాకీలు కూడా కోర్టులో కాలదోషం (గడువు దాటిపోవడం) కింద పోతాయి. డబ్బు ఫోన్‌లో పడినా సంతకం అడగండి. గడువు దాటిపోతే, పాత బాకీ తీరుస్తానని అతను మళ్లీ రాసి సంతకం చేస్తేనే దారి.

అపోహ: సాక్షులు లేని నోటు చెల్లదు.
సాక్షులు తప్పనిసరి కాదు. సంతకం నాది కాదని బాకీదారు అంటే మాత్రం వాళ్ల అవసరం పడుతుంది. అసలు ప్రమాదం రెవెన్యూ స్టాంపు లేకపోవడం. మిగతా చాలా పత్రాల్లా జరిమానా కట్టి నోటును సరిచేసుకునే వీలు లేదు.

అపోహ: స్టేషన్‌లో ఫిర్యాదు చేస్తే వసూలవుతుంది.
ఉత్త బాకీ వసూలు చేసే అధికారం పోలీసులకు లేదు. చెక్ బౌన్స్ వేరే సంగతి: బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో అతను చెల్లించకపోతే, ఆపై నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి.

అపోహ: డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) వస్తే డబ్బు వచ్చినట్టే.
డిక్రీ తర్వాత ఈపీ (డిక్రీని అమలు చేయమని కోరే పిటిషన్) వేయాలి, దానికి 12 ఏళ్ల గడువుంది. జప్తుకు ఏముందో చూపాల్సింది మీరే. జీతంలో మొదటి 1000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. రైతు ఉండే ఇల్లు, సేద్యపు పనిముట్లు, ఎడ్లు కూడా అంతే. అందుకే దావాకు ముందే ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించి అతని పేరున ఏముందో చూడండి. బాకీ ఎగ్గొట్టడానికి ఆస్తి అమ్మేస్తున్నాడన్న ఆధారముంటే, దావాతోపాటే తీర్పుకు ముందు జప్తు కోరండి. పేరున ఏమీ లేనివారి మీద పెద్ద ఖర్చుతో దావా వేయమని మేం చెప్పం. రాజీలో తగ్గించి తీసుకోవడమే మేలు.

అపోహ: లోక్ అదాలత్ రాజీ ఉత్త కాగితం.
ఆ రాజీ మీద ఇచ్చే అవార్డు (తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. పెండింగ్ కేసు అక్కడ తీరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. దావా వేయకముందు కూడా మండల లేదా జిల్లా న్యాయ సేవా సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరునూ ఇస్తారు. ఊరి పెద్దమనుషుల కాగితానికి ఈ బలం లేదు, దాని మీద ఈపీ పడదు. రాజీ రాసేటప్పుడు వాయిదాల తేదీలు, ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తం ఒకేసారి వసూలు చేసుకోవచ్చన్న షరతు తప్పక రాయించండి.