యాపిల్ ముందు ‘న్’ ఎక్కడిది?

మా మేనల్లుడు ఆరో తరగతి చదువుతున్నాడు. మొన్న ఇంగ్లీషు వర్క్‌బుక్ ముందేసుకుని ఖాళీల్లో ‘ఎ’, ‘యాన్’ నింపుతూ ఉన్నట్టుండి తలెత్తి అడిగాడు: “మామయ్యా, అచ్చు వస్తే ‘న్’ చేర్చాలని టీచర్ చెప్పారు. ఆ ‘న్’ ఎక్కడ్నుంచి తెచ్చి చేరుస్తారు?”

ఎంత మంచి ప్రశ్నో! ఎక్కడ్నుంచీ తేరు. అది మొదట్నుంచీ అక్కడే ఉంది.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘ఒకటి’ అనడానికి ‘ఆన్’ అనేవారు. లెక్క చెప్పేటప్పుడు ఒత్తి పలికిన ‘ఆన్’ ఇప్పుడు ‘వన్’ అయింది. మనం “అనగనగా ఒక ఊళ్ళో” అన్నప్పుడు ఆ ‘ఒక’ లెక్క కోసం కాదు కదా, మాటకు ముందు ఊతంగా అంటాం. అలా తేలిగ్గా పలికిన ‘ఆన్’ ‘యాన్’ అయింది. తర్వాత హల్లు ముందు అందులోని ‘న్’ రాలిపోయింది, అచ్చు ముందు నిలిచింది. అంటే బళ్ళో చెప్పే సూత్రం తలకిందులుగా ఉంది. అచ్చు వస్తే ‘న్’ చేరడం కాదు, హల్లు వస్తే ‘న్’ పోవడం. సూత్రం ఇలా చెబితే పిల్లలకు గుర్తూ ఉంటుంది, కారణమూ తెలుస్తుంది.

తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకు ఇక్కడ ఒక పాత చుట్టం కనిపించాలి. అదే ద్రుతం! “నకారంబు ద్రుతంబు” అని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం. ద్రుతమంటే కరిగేది, పరుగెత్తేది అని అర్థం. మాట చివర ఉండీ లేనట్టుండే ఆ ‘న్’, తర్వాత అచ్చు వస్తే దాన్ని పట్టుకుంటుంది. పోతన పద్యం “అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దాపల” చిన్నప్పుడు మనలో ఎంతమంది బట్టీ పట్టలేదు! అందులోని ‘నామూల’ను నేను చాలా ఏళ్ళు ‘నా మూల’ అనే అనుకున్నాను. వైకుంఠంలో విష్ణుమూర్తికి తనదైన ఒక మూల ఉందన్నమాట అని ఊహించుకున్నాను కూడా. పదచ్ఛేదం చేసి చూపించేదాకా అది ‘నగరిలోన్ ఆ మూల సౌధంబు’ అని, అంటే నగరంలో ఆ ప్రధాన సౌధం అని, నాకు తెలియలేదు. ముందు మాట చివర ఉన్న ‘న్’ వెనక మాట ఇంట్లో దూరింది. నేను దాన్ని ఆ ఇంటి మనిషే అనుకున్నాను.

ఇంగ్లీషులో సరిగ్గా ఈ పొరపాటే జరిగింది. ఒక పిల్లవాడి చెవిలో కాదు, దేశం మొత్తం చెవిలో.

దానికి కారణం శబ్దంలోనే ఉంది. రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది గానీ నోట్లో ఉండదు. ఫోన్లో “అప్పు అడిగాడు” అని రికార్డు చేసి, ఆ శబ్దం గీతను తెరమీద పెద్దది చేసి చూడండి. రెండు మాటల మధ్య గీత ఆగకుండా సాగిపోతుంది. నిశ్శబ్దం కనిపించేది ‘అప్పు’ మధ్యలో, ‘ప్ప’ కోసం పెదాలు మూసుకున్న చోట! ఉన్న ఖాళీ మాట మధ్యలో ఉంది, ఉండాల్సిన చోట లేదు. మాట ఎక్కడ ముగిసిందో వినేవాడు తనకు తెలిసిన మాటల సాయంతో ఊహించుకోవాల్సిందే. కొత్త మాటైతే ఆ ఊహ తప్పే అవకాశం ఎక్కువ. పైగా అప్పటి ఇంగ్లండులో చదువు కొద్దిమందికే ఉండేది. ఆ దేశపు తొలి ముద్రాపకుడు కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చు యంత్రం పెట్టిందే 1476లో. కాబట్టి తప్పు దిద్దడానికి చేతిలో పుస్తకం లేదు.

అంపైర్‌నే తీసుకోండి. పాత ఫ్రెంచిలో ‘నోంపేర్’. ‘నోన్’ అంటే కాని, ‘పేర్’ అంటే సమానుడు, జతగాడు. పియర్ ప్రెషర్ అంటామే, ఆ పియర్ ఇదే. ఇద్దరు తగవు పడితే ఏ జతలోనూ చేరని మూడో మనిషి కావాలి. మన సరి-బేసి ఆటలో చెప్పాలంటే బేసి మనిషి. ఇంగ్లీషువాళ్ళు ‘ఎ నౌంపేర్’ అన్నారు. విన్నవాళ్ళు ‘యాన్ ఔంపేర్’ అనుకున్నారు. ‘న్’ పక్కింటికి పోయింది, అంపైర్ మిగిలాడు. ఎవరి పక్షమూ కాదని చెప్పే ‘కాని’లోని మొదటి అక్షరమే రాలిపోయింది.

వంటింట్లో కట్టుకునే ఏప్రన్ కూడా అలాంటిదే. అది ‘నేప్రన్’. ఫ్రెంచి ‘నప్’ అంటే బల్లమీద పరిచే గుడ్డ, దాని చిన్న రూపం ‘నప్‌రాన్’. నేప్‌కిన్‌లో ఆ ‘న’ ఇంకా భద్రంగా ఉంది. వీటి మూలం లాటిన్ ‘మప్పా’, అంటే గుడ్డ. రోములో రథాల పందెం మొదలుపెట్టడానికి అధికారి కింద పడేసేది ఈ మప్పానే. గుడ్డమీద లోకాన్ని గీస్తే ‘మప్పా ముండీ’, అదే ఇప్పటి మ్యాప్. ఏప్రన్, నేప్‌కిన్, మ్యాప్ ఒక తల్లి పిల్లలు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం ఆగర్. వడ్రంగి చేతిలో బరమాలా తిరుగుతూ చెక్కకు కన్నం పెట్టే పనిముట్టు. పాత ఇంగ్లీషులో దాని పేరు ‘నఫుగార్’. ‘గార్’ అంటే ఈటె. గార్లిక్‌లో ఉన్నదీ ఇదే గార్; వెల్లుల్లి రెబ్బను చేతిలోకి తీసుకుని చూస్తే ఈటె మొనే. ఇక ‘నఫు’ అంటే బండి చక్రం నడుమ ఆకులు గుచ్చే దిమ్మ. ఇరుసు దూరడానికి ఆ దిమ్మకు కన్నం తొలిచే ఈటె కాబట్టి నఫుగార్. ఇప్పుడు మన మాట గుర్తు చేసుకోండి. సంస్కృతంలో చక్రం నడిమి దిమ్మనూ, మనిషి బొడ్డునూ కూడా ‘నాభి’ అనే అంటారు. ఇంగ్లీషులో దిమ్మ ‘నేవ్’, బొడ్డు ‘నేవెల్’. నఫు, నాభి ఒకే మూలం నుంచి వచ్చాయి. మన పద్మనాభుడి పేరులో ఉన్న ‘న’ ఆగర్‌లోనూ ఉండేది, ‘ఎ నాగర్’ అన్నది ‘యాన్ ఆగర్’ అయి జారిపోయింది.

బ్రిటన్‌లో సహజంగా బతికే ఒకే ఒక్క విషసర్పం పేరు యాడర్. ఇదీ ‘నాడర్’ నుంచే. దీన్ని చూడగానే “నాగు నుంచే నాడర్” అనేసేవాళ్ళు మనలో ఉన్నారు. నాకు ఈ ధోరణి బాధ కలిగిస్తుంది. రెండు మాటలు ఒకేలా వినిపిస్తే చుట్టరికం తేలిపోదు. తోబుట్టువు భాషల్లో ఆ మాట ఏ రూపంలో ఉందో వరసగా చూడాలి. జర్మన్‌లో ‘నాటర్’, వెల్ష్‌లో ‘నైడర్’, లాటిన్‌లో ‘నాట్రిక్స్’. అన్నిటా ‘న’ తర్వాత ట-డ వర్గపు హల్లు ఉంది, ‘గ’ లేదు. నాగుకు ఇందులో చోటు లేదు. ఇంకో విచిత్రం. ఇదే పామును జర్మన్లు ‘క్రాయిట్స్ ఓటర్’ అంటారు. ఆ ‘ఓటర్’ కూడా నాటరే! అక్కడా ముందున్న ‘ఐన్’, అంటే ఒక, ‘న’ను లాగేసుకుంది. రెండు దేశాల్లో, విడివిడిగా, ఒకే పాముకు ఒకే ప్రమాదం.

దొంగతనం రెండో వైపూ జరిగింది. ‘ఈక్’ అంటే అదనం. అదనపు పేరు ‘యాన్ ఈక్‌నేమ్’. అది ‘ఎ నీక్‌నేమ్’గా మారి, ఆపై నిక్‌నేమ్ అయింది. ‘యాన్ యూట్’ అనే చిన్న ఉభయచరం న్యూట్ అయింది. ‘మైన్’ కూడా ‘యాన్’ లాగే అచ్చు ముందు ‘న్’ నిలుపుకునేది కాబట్టి ముద్దుగా ‘మైన్ ఎడ్’ అని పిలిస్తే నెడ్, ‘మైన్ ఎలెన్’ అంటే నెల్ పుట్టారు. షేక్‌స్పియర్ కింగ్ లియర్‌లో విదూషకుడు రాజును ‘నంకుల్’ అంటాడు. అది ‘మైన్ అంకుల్’.

ఆరెంజ్‌ను కూడా ఈ జాబితాలో చేర్చి, ఇంగ్లీషు ‘యాన్’ దాని ‘న’ను తినేసిందని చాలామంది రాస్తారు. అది సరికాదు. సంస్కృత నారంగం పర్షియన్‌లో నారంగ్, అరబీలో నారంజ్ అయి ఐరోపా చేరింది. స్పానిష్ ‘నరంజా’లో ‘న’ ఉంది. ఇటాలియన్ ‘అరాంచా’లోనూ, ఫ్రెంచి ‘ఒరాంజ్’లోనూ లేదు. ఇంగ్లండులో అడుగుపెట్టేనాటికే ఆ పండు పేరులో ‘న’ లేదు. మన నారింజలో మాత్రం చెక్కుచెదరలేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకు ఒక మాట. సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే క్రిప్టోగ్రఫీలో ఒక్కసారే వాడే సంఖ్యను ‘నాన్స్’ అంటారు. ‘నంబర్’, ‘వన్స్’ కలిపి చేసిన పొట్టి పేరని చాలాచోట్ల చెబుతారు. కానీ నాన్స్ ఎనిమిది వందల ఏళ్ళ నాటి మాట. ‘ఫర్ దెన్ ఆనెస్’, అంటే ఈ ఒక్కసారికి. ‘దెన్’ అన్నది ‘ద’కు విభక్తి చేరిన రూపం. దాని చివరి ‘న్’ ‘ఆనెస్’కు అంటుకుని నాన్స్ అయింది. ‘నగరిలోన్ ఆ మూల’ లెక్కే, అక్షరం పొల్లుపోకుండా.

ఈ జారుడు ఆగిపోలేదు. ‘యాన్’, ‘అదర్’ కలిస్తే ‘అనదర్’. అమెరికాలో మాటల్లో దాన్నే విరిచి, మధ్యలో ‘హోల్’ దూర్చి ‘ఎ హోల్ నదర్’ అంటారు. ఈ సంగతి చెప్పగానే మా వాడు “మా కజిన్ వీడియో కాల్‌లో అలాగే అంటాడు!” అని గంతేశాడు. వర్క్‌బుక్ అంచున పెన్సిల్‌తో ‘నదర్’ అని రాసి, దాని ‘న్’ చుట్టూ సున్నా చుట్టి, రేపు టీచర్‌కు చూపిస్తానన్నాడు.