ఎముక అతికింది, నడక ఇంకా రాలేదు

ఒడిశాలోని బరంపురం నేతవీధుల్లో కాలికి ఆపరేషనైన మనిషిని పలకరించడానికి వచ్చినవాళ్ళు పళ్ళ సంచి పక్కన పెట్టి అడిగేది ఒకటే: "మళ్ళీ గుంటలో ఎప్పుడు కూర్చుంటావు మావా?" పట్టుచీరలు నేసే దేవాంగుల ఇళ్ళలో గుంట అంటే మగ్గం గుంటే. కాళ్ళు అందులోకి వేలాడేసుకుని, కింది కర్రలు తొక్కుతూ పడుగు దారాలను విడదీస్తుండాలి. దగ్గర్లోనే ఉన్న గోపాల్‌పూర్ ఒడ్డున చేపల వేటకెళ్ళే మనవాళ్ళ బెంగ వేరు: ఇసకలో నడవగలనా, పడవ తొయ్యగలనా? డాక్టరేమో ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూసి "ఎముక అతికింది, ఇక నడువు" అంటాడు. ఆయన చెప్పిందీ నిజమే. కాకపోతే అతకడానికీ నడవడానికీ మధ్య ఇంకా చాలా పని మిగిలి ఉంటుంది.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. మామూలు నడకలో ఒక్కో అడుగుకి రెండుసార్లు, మడమ ఆనిన వెంటనే ఒకసారి, వేళ్ళతో నేలను నెట్టేటప్పుడు ఇంకోసారి, పాదం మీద పడే బలం మన బరువును దాటిపోతుంది. 60 కిలోల మనిషైతే ఆ క్షణంలో పాదం దాదాపు 70 కిలోలు మోస్తుంది. పరుగు కాదు, వంటింట్లోంచి వరండాలోకి నడిచినా ఇంతే. అందుకే "కాస్త ఆనించి నడు" అనే సలహా నాకు నచ్చదు. కాస్త అంటే ఎంత?

ఇళ్ళలో ఈ విషయం మీద రెండు పార్టీలుంటాయి. మూడు నెలలు మంచం దిగొద్దనేది ఒకటి, లేచి తిరిగితేనే కాలు వస్తుందనేది ఇంకొకటి. చిక్కేమిటంటే రెండిట్లోనూ సగం నిజం ఉంది. ఎముక తన మీద పడే బరువును బట్టి తన లోపలి అల్లికను మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అదెలా జరుగుతుందో తర్వాత తెలిసింది. ఎముక లోపలి కణాల మధ్య సన్నని కాలువలుంటాయి. కాలు ఆనించినప్పుడల్లా, తడి స్పాంజిని నొక్కినట్టు, వాటిలో ద్రవం కదులుతుంది. ఆ కదలికను పసిగట్టి కణాలు కొత్త ఎముక వెయ్యమని కబురంపుతాయి. బరువే పడకపోతే ఉన్న ఎముక కూడా కరుగుతుంది. కండరమైతే ఇంకా తొందరపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళ కాలికి రెండు వారాలు కట్టు వేసి చూస్తే తొడ బలం ఐదో వంతుకు పైగా తగ్గిపోయింది. పిండికట్టు విప్పినప్పుడు బయటపడే ఆ సన్నటి పిక్కను చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకోవడం మామూలే.

అలాగని తొందరపడినా నష్టమే. ఎముక ఇంకా కలవకముందే పదేపదే బరువు పడితే ప్లేటు, స్క్రూలు కొద్దికొద్దిగా వంగుతూ చివరికి వదులవుతాయి, విరిగిపోనూ వచ్చు. ఎముకకు సర్జన్ వేసిన లోహం తాత్కాలికపు ఊతమే.

కాబట్టి బరువు కూడా మందులాగే మోతాదు ప్రకారం పడాలి. ఎంత అనేది ఆపరేషన్ రకాన్ని బట్టి సర్జన్ చెప్పాలి. బొటనవేలు సరిచేసినవాళ్ళకీ మడమ విరిగినవాళ్ళకీ ఒకే లెక్క పనికిరాదు. "20 కిలోల వరకూ ఆనించొచ్చు" అన్నారనుకోండి, ముల్లు తిరిగే పాతకాలం బరువు మెషిన్ తెచ్చుకోండి. డిజిటల్ది ఒక అంకె చూపించి ఆగిపోవచ్చు, ముల్లు అలా కాదు. మెషిన్ పక్కనే అంతే ఎత్తు చెక్క వేసి, దాని మీద మంచి కాలు, మెషిన్ మీద ఆపరేషనైన కాలు పెట్టి, చంకకర్రల పట్టు చేతుల్లో ఉంచుకుని నెమ్మదిగా నొక్కాలి. ముల్లు 20 దగ్గరికి రాగానే ఆగాలి. కొన్నిసార్లు చేసేసరికి ఆ ఒత్తిడి కాలికి గుర్తుండిపోతుంది. ఇంకోటి, బరువు చేతుల మీద పడాలి గానీ చంకల మీద కాదు. చంకలో నరం నొక్కుకుపోతే మణికట్టు వాలిపోతుంది.

మోతాదు పెంచాలా వద్దా అన్నది మర్నాడు పొద్దున్న తేలుతుంది. సాయంత్రం కొంచెం నొప్పి, కొంచెం వాపు ఉండి తెల్లారేసరికి తగ్గితే నిన్నటి పని సరిపోయిందన్నమాట. పొద్దున్న లేచేసరికి ఎక్కువ కుంటుతుంటే ఒక మెట్టు వెనక్కి రావాలి. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో ఘటాల వెంట రాత్రంతా తిరగాలని ఎవరికుండదు? ఆ మర్నాటి పొద్దున్నను కూడా లెక్కలో వేసుకోండి. అయితే షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళకు ఈ పరీక్ష పనికిరాదు. వాళ్ళకు నొప్పి కబురు రాదు. కాలు ఎర్రబడి వేడెక్కిందంటే నొప్పి లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

చదునైన నేల మీద నడవడానికి చీలమండ ముందుకు పది డిగ్రీలు వంగితే సరిపోతుంది. గొంతుక్కూర్చోవాలంటే దానికి మూడింతలైనా కావాలి. ఆస్పత్రి వరండాలో బాగా నడిచిన మనిషి ఇంటి మరుగుదొడ్డి దగ్గర బిక్కమొహం వేసేది ఇందుకే. అంత వంపు వచ్చేదాకా కుర్చీ వేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఇక మగ్గం సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల పునరావాసానికి నేతపనిని వ్యాయామంగా వాడారు. మగ్గం కర్ర తొక్కడంలో చీలమండ కిందికీ పైకీ కదులుతుంది, శరీరం బరువేమో కూర్చున్న చోటే ఉంటుంది. కొత్తగా కట్టు విప్పిన కాలికి డాక్టరు ఒప్పుకుంటే ఇంతకంటే మెత్తని పని దొరకదు. అసలు ఇబ్బంది గుంటతో. గంటల తరబడి కాళ్ళు కిందికి వేలాడితే నీరు దిగుతుంది. అరగంటకోసారి కాళ్ళు పైకి తీసి, పడుకుని, గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద పెట్టుకోవాలి. గుంటలోంచి లేచేటప్పుడు మంచి కాలు ముందు పైకి రావాలి, మెట్లు దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు దిగాలి. చేతికర్ర ఆపరేషనైన కాలి వైపు కాదు, రెండో చేతిలో పట్టుకోవాలి.

సాయంత్రానికి వాపు రావడం ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది వరకూ ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు. పిక్క బిగుసుకుపోయి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా మాత్రం రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి, అదీ వెంటనే. చుట్ట, బీడీ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి. "నేను పొగ తాగను, పళ్ళకు గుడాకే (పొగాకు ముద్దే) కదా" అనే పిన్నులకు కూడా చెప్పాలి: రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేసే నికోటిన్ అందులోనూ ఉంది.

గోపాల్‌పూర్ వాళ్ళ ప్రశ్నకు జవాబు అందరికంటే ఆలస్యంగా వస్తుంది. ఇసకలో నడవడానికి గట్టి నేల మీదకంటే రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. పైగా ప్రతి అడుగూ ఒక్కో పక్కకు ఒరుగుతుంది. కాలు ఏ వైపు వాలుతోందో మెదడుకు చెప్పే నరాల కొసలు కీళ్ళ చుట్టూ ఎముకలను కలిపి ఉంచే కట్టుతీగల్లో (లిగమెంట్లలో) ఉంటాయి. దెబ్బ తర్వాత అవి మందగిస్తాయి. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, అది కుదిరాక కళ్ళు మూసుకుని నిలబడటం వాటికి సాధన. తర్వాత అలలు తడిపిన గట్టి ఇసక మీద, ఆ తర్వాతే పొడి ఇసకలో. పడవ తొయ్యడానికైతే ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించడం ఇరవైసార్లైనా ఆగకుండా రావాలి. మంచి కాలితో ఎన్ని వస్తున్నాయో ముందు లెక్కపెట్టుకుంటే, రెండో కాలు ఎక్కడుందో తెలిసిపోతుంది.