ఎత్తని గుడారాలు: మసాయి మారా నేల వెనుక కథ

గుడారం అంటే నాలుగు రోజులు వేసుకుని ఎత్తేసేది. సర్కస్ డేరా అయినా, జాతరలో అంగడి అయినా, గొర్రెల మందతో తిరిగే కాపరుల గుడిసె అయినా అంతే. కెన్యాలోని మసాయి మారా అనే గడ్డి మైదానంలో మాత్రం ఏళ్ల తరబడి ఎత్తని గుడారాలున్నాయి. గోడలు కాన్వాస్ గుడ్డవే. లోపల పెద్ద మంచం, చెక్క నేల, స్నానాల తొట్టి, వేడినీళ్లు, కొన్నింట్లో గుడారానికొక చిన్న ఈతకొలను. చాలా క్యాంపుల చుట్టూ కంచె ఉండదు. హిప్పోలు, ఏనుగులు గుడారాల మధ్య నుంచే నడిచిపోతాయి. అందుకే చీకటి పడ్డాక భోజనానికి వెళ్లాలన్నా, తిరిగి రావాలన్నా టార్చిలైటుతో ఒక కాపలా మనిషి వెంట ఉండాల్సిందే. అతన్ని అక్కడ అస్కారీ అంటారు. సికింద్రాబాద్‌కు ఉన్న లష్కర్ అనే పేరు ఆ మాటకు దగ్గర చుట్టమే.

2025 ఆగస్టులో ఒక పెద్ద అంతర్జాతీయ హోటల్ బ్రాండ్ ఇక్కడ 20 గుడారాల క్యాంపు తెరిచింది. అప్పట్లో మనిషికి రాత్రికి దాదాపు 3,500 డాలర్లు. తెరిచే రోజుల్లోనే అక్కడి మసాయి తెగ నాయకుడొకరు కోర్టుకు వెళ్లారు. వైల్డ్‌బీస్ట్‌లనే గడ్డి మేసే అడవి జంతువుల మందలు టాంజానియా నుంచి కెన్యాలోకి దాటే దారిలో ఈ క్యాంపు కట్టారని ఆయన అభ్యంతరం. అనుమతులన్నీ తీసుకున్నామని కట్టినవాళ్లు, అది మందల దారి కాదని ప్రభుత్వ వన్యప్రాణి విభాగం చెప్పాయి. ఆ మరుసటి నెలలోనే రాజమౌళి బృందం షూటింగ్ కోసం కెన్యా వెళ్లడంతో మసాయి మారా పేరు తెలుగు ఇళ్లలో కూడా బాగా వినబడింది. ఆ గడ్డి మైదానం చూడాలన్న కోరిక ఇంకా చాలామందికి కలుగుతుంది. అక్కడ గుడారం కింద ఉన్న నేల ఎవరిది, ఎలా చేతులు మారింది అన్నది కూడా తెలుసుకుని వెళ్తే మంచిదని నాకనిపిస్తుంది.

సఫారీ అన్నది తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలిలోని మాట. ప్రయాణం అని అర్థం. అరబ్బీ నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో ఉర్దూ విన్నవాళ్లకు సఫర్ అంటే వెంటనే తెలుస్తుంది. తీరం నుంచి లోపలికి దంతాల కోసం, బానిసల కోసం వెళ్లే వ్యాపారుల బిడారు ప్రయాణాలకు ఆ పేరుండేది. దొరల కాలంలో అది వేట యాత్రకు పేరుగా మారింది.

దానికి దారి వేసింది రైలు. మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా 1896లో మొదలుపెట్టి 1901కి పట్టాలు వేశారు. ఆ పని చేసింది ఎక్కువగా మన దేశం నుంచి తీసుకెళ్లిన కూలీలు. సుమారు 32 వేల మంది, చాలామంది పంజాబ్ వాళ్లు. దాదాపు 2,500 మంది అక్కడే చనిపోయారు. 1898లో సావో దగ్గర రెండు సింహాలు కూలీల డేరాల్లోకి చొరబడి మనుషుల్ని ఈడ్చుకుపోయాయి. ఆఫ్రికా అడవిలో గుడ్డ గోడల మధ్య పడుకోవడం ఈ రోజు ఒక సరదా. ఆ కూలీలకు అది ప్రతి రాత్రీ ప్రాణభయం. సఫారీ చరిత్ర అంటూ క్యాంపుల్లో వేలాడదీసే నలుపు తెలుపు ఫొటోల్లో టోపీ పెట్టుకున్న దొర ఉంటాడు. ఈ కూలీ కనబడడు.

1899లో రైలు సామాను దించుకునే చోటుగా మొదలైన నైరోబీ పదేళ్లలో వేట యాత్రలకు కేంద్రమైంది. 1909లో అమెరికా అధ్యక్ష పదవి దిగీ దిగగానే థియోడర్ రూజ్‌వెల్ట్ కొడుకు కెర్మిట్‌తో కలిసి వచ్చాడు. వెంట మోత కూలీలు, వంటవాళ్లు, సిపాయిలు కలిపి రెండు వందలకు పైగా మనుషులు. ఒక్కో కూలీ నెత్తిన సుమారు 27 కిలోల బరువు. గుడారాలు, మంచాలు, స్నానాల తొట్టి, పుస్తకాలు, ఆ పైన వేటాడిన జంతువుల చర్మాలకు పట్టించే ఉప్పు, అన్నీ మనుషుల నెత్తి మీదే. తండ్రీకొడుకులు కలిసి 500కు పైగా జంతువుల్ని కాల్చారు. మ్యూజియం కోసం అన్నారు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. ఇక్కడా దొరలు ఊళ్ల శిస్తు లెక్కలు చూసే జమాబందీకి బయల్దేరితే ముందు రోజే బండ్ల మీద డేరాలు వెళ్లేవి, తోపులో తంబూలు లేచేవి, వంటవాడూ బట్లరూ సిద్ధంగా ఉండేవాళ్లు. ఈ రోజుకీ కలెక్టరు ఇంటి దగ్గర ఆఫీసును మనం క్యాంపు ఆఫీసు అనే అంటున్నాం. ఇంటి సుఖం ఏదీ వదలకుండా అడవిలో ఉండాలన్న ఆలోచన అప్పటి అధికారుల జీవితంలోంచి వచ్చింది. ఇప్పటి క్యాంపులో తెల్ల గుడ్డ పరిచిన బల్లా, ఇత్తడి దీపమూ, మడత కుర్చీ ఆ అధికారుల డేరాల్లోంచి వచ్చినవే.

ఇక మసాయిలు. వీళ్లు పశువుల కాపరులు. మందతో పాటు కదులుతారు, గడ్డి అయిపోతే మరో చోటికి వెళ్తారు. వాళ్ల ఇల్లు కర్రలు వంచి పేడా మట్టీ మెత్తి కట్టేది, చుట్టూ ముళ్లకంప. 1890లలో ముసర జబ్బు వచ్చి మందల్లో చాలా భాగం చచ్చిపోయింది. వెంటనే మశూచి, కరువు. బ్రిటిష్ వాళ్లు దిగే సమయానికి మసాయిలు ఎదురు నిలబడే స్థితిలో లేరు. 1904లో ఒప్పందం అన్నారు. రైలు దారి వెంట ఉన్న రిఫ్ట్ లోయ భూములు తెల్ల రైతులకు వదిలి, ఉత్తరాన లైకిపియాలో ఒక భాగానికి, దక్షిణాన మరో భాగానికి మసాయిలు వెళ్లాలి. మసాయి జాతి ఉన్నంత కాలం ఆ భూములు వాళ్లవేనని కాగితం మీద రాశారు. ఆ మాట ఏడేళ్లు నిలిచింది. లైకిపియా గడ్డి మీద కూడా తెల్లవాళ్ల కన్ను పడింది. 1911లో మరో ఒప్పందం, మళ్లీ తరలింపు. పిల్లాజెల్లా, ముసలివాళ్లు, పశువులతో దక్షిణానికి నడిచారు. దారిలో మనుషులూ పోయారు, పశువులూ పోయాయి.

1913లో మసాయిలు కోర్టుకు వెళ్లారు. లాయర్లను పెట్టుకుని, రెండో ఒప్పందం చెల్లదని వాదించారు. కోర్టు ఆ కేసును అసలు విచారణకే తీసుకోలేదు. మసాయిలు బ్రిటిష్ పౌరులు కారని, వాళ్లతో జరిగింది రెండు రాజ్యాల మధ్య సంధి అని, సంధి విషయం స్థానిక కోర్టు పరిధిలోకి రాదని చెప్పింది. పాలించడానికి వాళ్లది రాజ్యం కాదు, అడగడానికి వస్తే మాత్రం పరాయి రాజ్యం. నేను చదివిన వలస పాలన తీర్పుల్లో ఇంత నొప్పి కలిగించింది ఇంకొకటి లేదు.

అలా తోసేసిన దక్షిణపు భూమిలోనే మారా ఉంది. కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. వేటగాళ్ల తుపాకుల వల్ల జంతువులు తగ్గిపోతున్నాయన్న ఆందోళన పెరిగి, రిజర్వులు, పార్కులు మొదలయ్యాయి. సరిహద్దుకు అవతల, ఇప్పటి టాంజానియాలో, సెరెంగెటిని పార్కు చేసి 1959లో మసాయిలను పక్కనున్న ఎన్‌గోరోంగోరోకు పంపారు. ఇవతల 1961లో మారా మైదానాన్ని రక్షిత ప్రాంతంగా ఏర్పరచి, మారా ఉన్న నరోక్ ప్రాంతపు స్థానిక కౌన్సిల్ చేతికి ఇచ్చారు. ఇప్పుడు ఆ రిజర్వు 1,510 చదరపు కిలోమీటర్లు. అందులో పశువుల్ని మేపకూడదు. శతాబ్దాలుగా ఆ జంతువుల మధ్యే పశువుల్ని మేపినవాళ్లకు, వన్యప్రాణి మాంసం మామూలుగా తినని వాళ్లకు, ఈ నియమం.

మొదట్లో వచ్చినవి రాతి గోడల లాడ్జీలు. 1972లో మారా నది ఒడ్డున శాశ్వత గుడారాల క్యాంపు వచ్చింది. ఒకప్పుడు వలస గవర్నర్లు వచ్చి దిగే చోటు కాబట్టి గవర్నర్స్ క్యాంప్ అనే పేరు పెట్టారు. 1977 మేలో కెన్యా వేటను పూర్తిగా నిషేధించింది. వేటగాళ్ల వెంట వెళ్లి బతికిన గైడ్లు, వంటవాళ్లు, గుడారాలు కుట్టేవాళ్లు అందరూ కెమెరా టూరిస్టుల వైపు మళ్లారు. 1985లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా ఖాకీ బట్టలూ లాంతర్లూ ఉన్న పాత వలస రోజుల మీద ప్రపంచానికి మోజు పెంచింది. ఆ తర్వాత గుడారం పేదవాడి బస కాకుండా పోయింది.

గుడారమే ఎందుకు? అడవి చప్పుడు గుడ్డలోంచి వినబడుతుంది, గోడలోంచి వినబడదు. రాత్రి హైనా అరుపు, తెల్లవారుజామున గడ్డి కొరికే చప్పుడు మంచం మీద నుంచే వినవచ్చు. అది నిజమైన ఆనందమే, కాదనను. దాంతోపాటు ఇంకో లెక్క ఉంది. కాంక్రీటు పునాది లేని కట్టడం తాత్కాలికం కింద వస్తుంది. రేపు ఎత్తేస్తే నేల మళ్లీ గడ్డి పడుతుందని చెప్పి అనుమతి అడగవచ్చు. మంచి క్యాంపులు నిజంగానే అలా ఉంటాయి. సోలార్ కరెంటు, నిప్పు మీద కాచిన నీళ్లను బకెట్లో పోసి తాడుతో పైకి లాగే షవర్, లెక్కగా వాడే నీళ్లు. కానీ చెక్క వేదికలు, ఈతకొలనులు, బోర్లు, జనరేటర్లు, సిబ్బంది ఇళ్లు వచ్చాక పైన గుడ్డ ఉన్నంత మాత్రాన తాత్కాలికం అవుతుందా?

రిజర్వు బయట కథ వేరు, నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. 1968 చట్టంతో మసాయి భూముల్ని ఉమ్మడి పట్టాలుగా చేశారు. 1980లు, 90లలో ఆ ఉమ్మడి ముక్కలై ఒక్కో కుటుంబానికి ఒక్కో పట్టా అయింది. పట్టాలు దాదాపు అన్నీ మగవాళ్ల పేరు మీదే. కొందరు అమ్ముకున్నారు, కొందరు వైరు కంచె వేసుకున్నారు. కంచె పడితే మంద కదలదు, మసాయి ఆవులైనా, వైల్డ్‌బీస్టులైనా. 1977 నుంచి 2016 లోపు కెన్యా మేత భూముల్లో వన్యప్రాణుల సంఖ్య సగటున 68 శాతం పడిపోయిందని విమాన సర్వేలు చూపించాయి.

దీనికి జవాబుగా 2005 తర్వాత కన్జర్వెన్సీలు వచ్చాయి. పక్కపక్కనే పట్టాలున్న కుటుంబాలు కలిసి తమ భూమిని క్యాంపుల వాళ్లకు కౌలుకిస్తాయి. కంచెలు తీసేస్తారు. ఎకరాల లెక్కన గుడారాల సంఖ్యకు పరిమితి. టూరిస్టులు వచ్చినా రాకపోయినా కౌలు డబ్బు నెలనెలా ఖాతాలో పడాలి. ఓల్ కిన్యెయి, ఓలారె మొతొరోగి, మారా నార్త్, నబోయిషో అలా వచ్చినవే. అన్నీ కలిపితే ఇప్పుడు దాదాపు రిజర్వంత విస్తీర్ణం. ఇంత పెద్ద ఎత్తున భూమి యజమానికి నేరుగా డబ్బు చేరే పద్ధతి ఆఫ్రికాలో తక్కువ. నేను దీన్ని మెచ్చుకుంటాను. లోపాలూ పెద్దవే. పట్టా లేనివాళ్లకు కౌలు లేదు, అంటే ఆడవాళ్లలో చాలామందికి లేదు. మేత నియమాలు కఠినం, కరువు ఏడాదిలో ఆవును ఎక్కడికి తోలాలన్నది ప్రతిసారీ గొడవ. 2020లో కోవిడ్‌తో విమానాలు ఆగగానే చాలా చోట్ల కౌలు తగ్గించి ఇచ్చారు. వేరే దేశాల వాళ్ల సెలవుల మీద ఇంటి ఖర్చు ఆధారపడితే వచ్చే టెన్షన్ అప్పుడు అందరికీ అర్థమైంది.

రిజర్వు లోపలా, అంచునా మాత్రం క్యాంపులు పెరుగుతూనే వచ్చాయి. జూలై నుంచి అక్టోబరు దాకా మందలు నది దాటే రోజుల్లో ఒక్కో రేవు దగ్గర పదుల కొద్దీ జీపులు నిలబడతాయి. 2023లో నరోక్ కౌంటీ పదేళ్ల నిర్వహణ ప్రణాళిక ఆమోదించి, రిజర్వులో కొత్త బసలు వద్దని రాసుకుంది. 2024 నుంచి, ఏటా జూలై, డిసెంబరు మధ్య వచ్చే విదేశీ టూరిస్టుకు ప్రవేశ రుసుము రోజుకు 200 డాలర్లు చేసింది. అదే ఏడాది మే 1న తాలెక్ నది పొంగి డజనుకు పైగా క్యాంపులు మునిగాయి, హెలికాప్టర్లతో టూరిస్టులను తరలించారు. ఒడ్డుకు మరీ దగ్గరగా కట్టారని అప్పుడు అందరూ అన్నారు. అవతల టాంజానియాలో, 1959లో ఎన్‌గోరోంగోరోకు పంపిన కుటుంబాల వారసులను 2022 నుంచి మళ్లీ కదిలిస్తున్నారు, ఈసారి వందల కిలోమీటర్ల దూరంలోని మ్సోమెరాకు.

2025 ఆగస్టు నాటి కేసు ఈ వరుసలో చివరిది. దాన్ని వేసింది నరోక్‌లోని పర్యావరణ, భూమి కోర్టులో. కెన్యా 2010 రాజ్యాంగం తర్వాత ఇలాంటి తగాదాల కోసమే ఏర్పడిన కోర్టు అది. 1913లో తలుపు దగ్గరే వెనక్కి పంపేసిన వాళ్ల మనవళ్ల తరం, ఈసారి పరాయి రాజ్యం మనుషులుగా కాక కెన్యా పౌరులుగా ఆ మెట్లు ఎక్కింది.