ఆన్ కాని కంప్యూటర్: కొన్ని అపోహలు, వాస్తవాలు

కడప ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల నుంచి జిరాక్స్ సెంటర్ల వారు, డాక్యుమెంట్ రైటర్లు, కాలేజీ విద్యార్థులు మా దగ్గరికి తెచ్చే కంప్యూటర్లలో చాలావాటి గురించి చెప్పే మాట ఒక్కటే: ‘ఆన్ కావడం లేదు’. ఆ మాట వెనుక మూడు వేర్వేరు లోపాలు ఉండవచ్చు. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి, ఫ్యాన్ తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోవడం రెండోది, కంపెనీ లోగో కనబడిన తరువాత విండోస్ లోడ్ కాక నిలిచిపోవడం మూడోది. ఎక్కడ ఆగిందో తేల్చుకోకుండా మరమ్మతు మొదలుపెడితే డబ్బుతో పాటు డేటా కూడా పోతుంది.

అపోహ: ఫార్మాట్ కొడితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: ఫార్మాట్ డిస్కులో ఉన్నదాన్ని తుడిచివేస్తుందే తప్ప, వదులైన ర్యామ్‌ను (తాత్కాలిక మెమరీ పలకను), బలహీనపడిన ఎస్‌ఎంపీఎస్‌ను (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టెను) బాగుచేయలేదు. విండోస్‌లోనే లోపం ఉన్నా ఫార్మాట్ చివరి మార్గం కావాలి. విండోస్ వరుసగా కొన్నిసార్లు లోడ్ కాకపోతే రిపేర్ స్క్రీన్ దానంతట అదే వస్తుంది. అక్కడ స్టార్టప్ రిపేర్, సేఫ్ మోడ్ (తప్పనిసరి భాగాలతోనే విండోస్‌ను నడిపే పద్ధతి), చివరి అప్‌డేట్‌ను తొలగించే అవకాశం ఉంటాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ విడుదల చేసిన తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోతే, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలును తీసేయడమే ప్రధాన పరిష్కారమైంది.

రిపేర్ ఫలించకపోయినా, డిస్కును బయటికి తీసి మరో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్ళను కాపీ చేసుకున్న తరువాతే విండోస్ మళ్ళీ ఎక్కించాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ (డేటాకు వేసే తాళం) ముందే అమలై ఉంటుంది కాబట్టి, విండోస్‌లోని ఆ తాళమైన బిట్‌లాకర్‌కు చెందిన 48 అంకెల రికవరీ కీ లేకుండా ఆ డిస్కు మరోచోట తెరుచుకోదు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది. కంప్యూటర్ బాగున్నప్పుడే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుంది.

వాస్తవం: మదర్‌బోర్డుకు (భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డుకు) 12, 5, 3.3 వోల్టులు మూడూ సరిగా అందాలి. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, అదీ లోడ్ పడినప్పుడు. ఫ్యాన్ మాత్రం అంతకంటే తక్కువ వోల్టేజీకి కూడా తిరుగుతుంది.

అపోహ: డిస్‌ప్లే రాకపోతే మదర్‌బోర్డు పోయినట్టే.

వాస్తవం: మేము ముందుగా చూసేది ర్యామ్‌నే. బండల పాలిషింగ్ యూనిట్లకు దగ్గరగా ఉన్న దుకాణాల నుంచి వచ్చే క్యాబినెట్లు తెరిస్తే స్లాట్ల అంచుల్లో తెల్లని సన్నటి పొడి పేరుకుని ఉంటుంది. కరెంటు ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి, మిగిలిన ఛార్జి పోయాక ర్యామ్‌ను బయటికి తీయండి. మసకబారిన బంగారు రంగు గీతలను మెత్తని రబ్బరుతో సున్నితంగా రుద్ది, ఆ పొట్టు స్లాట్‌లో పడకుండా తుడిచి, క్లిప్పు టక్కున పట్టుకునేదాకా సమానంగా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కదానితో విడిగా ఆన్ చేసి చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే తగిలించి ఉందో లేదో కూడా గమనించాలి.

అపోహ: సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీది చిన్న నాణెం లాంటి బ్యాటరీ) అయిపోతే కంప్యూటర్ ఆన్ కాదు.

వాస్తవం: చాలావరకు ఆన్ అవుతుంది, తేదీ, సమయం మాత్రం తప్పుతాయి. బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి వచ్చి, డిస్కును చదివే పద్ధతి అయిన డిస్క్ మోడ్ మారిపోయినప్పుడు మాత్రం విండోస్ లోడ్ కాకపోవచ్చు. పాత సెట్టింగ్ తిరిగి పెడితే చాలు.

అపోహ: టక్ టక్‌మని శబ్దం చేసే హార్డ్ డిస్కును ఫ్రిజ్‌లో పెడితే, లేదా చెక్‌డిస్క్ (డిస్కు లోపాలు వెతికే విండోస్ ప్రోగ్రామ్) నడిపితే కోలుకుంటుంది.

వాస్తవం: ఫ్రిజ్ నుంచి తీసిన డిస్కులో తేమ చేరుతుంది. చెక్‌డిస్క్ అయితే అసలే దెబ్బతిన్న డిస్కు చేత గంటల తరబడి పని చేయిస్తుంది. ఆ శబ్దం వినగానే వెంటనే ఆపు చేసి, మళ్ళీ ఆన్ చేయకుండా, మూత విప్పకుండా, డేటా వెలికితీసే నిపుణులకు అప్పగించండి.