ప్రైవేట్ మెథడ్ టెస్టుల గొడవ మళ్లీ ఎందుకు లేచిందంటే

జావా 26కి మారినవాళ్ల టెస్ట్ లాగుల్లో కొత్త వార్నింగులు వస్తున్నాయి, ఫైనల్ ఫీల్డ్‌ని (ఒకసారి విలువ పెట్టాక మారకూడనిదాన్ని) రిఫ్లెక్షన్‌తో, అంటే ప్రోగ్రాం నడుస్తుండగా క్లాస్ లోపలి భాగాల్ని వెతికి వాడే జావా సదుపాయంతో, మారుస్తున్నారు అని. జావాలో మార్పుల్ని ప్రతిపాదించే పత్రాల్లో ఒకటైన జెఈపీ 500 పుణ్యం. ఇప్పటికి వార్నింగే, ముందుముందు వెర్షన్లలో ఎక్సెప్షనే (అంటే ఎర్రరే). దాంతో ప్రైవేట్‌గా పెట్టినదాన్ని టెస్ట్ లోపలికి దూరి ముట్టుకోవచ్చా అన్న పాత వాదన మళ్లీ రాజుకుంది.

పబ్లిక్ మెథడ్‌ని బయటి క్లాసులు పిలవొచ్చు, ప్రైవేట్‌ని దాని సొంత క్లాసే పిలవాలి, అంతే. నన్నడిగితే అసలు మలుపు 1998 డిసెంబర్‌లో వచ్చిన జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 1.2. అంతకుముందు 1.1లో రిఫ్లెక్షన్ ఉండేది గానీ బయటి క్లాస్ నుంచి ప్రైవేట్ మెథడ్‌ని పిలిస్తే ఎక్సెప్షన్ కొట్టేది. 1.2లో సెట్‌యాక్సెసిబుల్ అనే మెథడ్ వచ్చింది, ఒక్క లైను రాస్తే ఆ చెక్ పోతుంది. సీరియలైజేషన్ (ఆబ్జెక్టుల్ని దాచుకోడానికి బైట్లుగా మార్చడం) లాంటి పనుల కోసం, అదీ తగిన పర్మిషన్ ఉన్న ప్రోగ్రాములకి అని డాక్యుమెంటేషన్‌లోనే రాసుంది. ఆ పర్మిషన్ చూడాల్సింది జావాలోని సెక్యూరిటీ మేనేజర్ అనే కాపలా, అది మామూలుగా ఆన్‌లోనే ఉండేది కాదు. అప్పటికే 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జేయూనిట్ అనే టెస్టింగ్ టూల్ మొదలుపెట్టేశారు, ఇంకేముంది, టెస్టులు రాసేవాళ్లకి దొడ్డిదారి దొరికేసింది.

దొడ్డిదారి లేకపోతే ఏం చేస్తాం? టెస్ట్‌ని అదే ప్యాకేజీలో (క్లాసుల గుంపులో) పెట్టి, మెథడ్ మీద ప్రైవేట్ తీసేస్తాం, అప్పుడు ఆ ప్యాకేజీలోని క్లాసులు దాన్ని పిలవొచ్చు. తీసేముందు ఒక్క నిమిషం ఆలోచిస్తాం కదా, ఇది అసలు ఈ క్లాసులో ఉండాల్సిందేనా అని. దొడ్డిదారి వల్ల ఆ ఆలోచనే మనకి లేకుండా పోయింది. 2004లోనే పాత కోడ్‌ని బాగుచేయడం మీద పుస్తకం రాసిన మైఖేల్ ఫెదర్స్ చెప్పాడు, ప్రైవేట్ మెథడ్‌ని టెస్ట్ చెయ్యాలనిపిస్తే దాన్ని పబ్లిక్ చెయ్యండి, అలా చెయ్యడానికి మనసొప్పకపోతే క్లాస్ మోయాల్సినదానికంటే ఎక్కువ మోస్తోందని అర్థం, విడగొట్టండి అని. పాత కోడ్‌లో ముందు టెస్ట్ లేకుండా ఎలా విడగొడతాం అంటారు, ప్రైవేట్‌ని నేరుగా టెస్ట్ చెయ్యొచ్చనే అవతలివాళ్లు. నిజమే, కానీ ఫెదర్స్ ఆ మాట చెప్పింది పాత కోడ్ గురించే.

2017లో జావా 9 మాడ్యూల్స్‌తో (ప్యాకేజీల్ని కట్టగట్టి, బయటికి ఏది కనిపించాలో చెప్పే పద్ధతి) రిఫ్లెక్షన్‌కి తలుపు మూయడం మొదలైంది, 2021లో 16 డిఫాల్ట్‌గా మూసేసింది, అదే ఏడాది 17లో మళ్లీ మొత్తంగా తెరిచే ఆప్షన్ కూడా తీసేశారు. 17కి మారినప్పుడు మా టెస్టులు కుప్పలుగా ఎర్రబడ్డాయి (ఫెయిలయ్యాయి), చూస్తే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చడానికి జావా సొంత మ్యాప్ లోపలి ఫీల్డ్‌ని ఎవరో కెలికారు. వారం పోయింది దాంతో. అయితే 17 మూసింది జేడీకే లోపలి గదులే, క్లాస్‌పాత్ మీద (మాడ్యూల్‌లో పెట్టకుండా నడిపే) మన క్లాసుల ప్రైవేట్ మెథడ్స్‌ని ఇవాళ్టికీ పిలవొచ్చు, చాలామంది ఇక్కడే తికమకపడుతున్నారు. 26 వార్నింగ్ మాత్రం మనం రాసుకున్న క్లాసుల్లోని ఫైనల్ ఫీల్డుల దాకా వచ్చింది, అందుకే ఇంత మంట.

వార్నింగ్ ఆపే ఫ్లాగ్ ఉంది. మేం పెట్టలేదు, ఆ ఫీల్డులన్నిటికీ విలువలు కన్‌స్ట్రక్టర్‌లోంచి (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడే) వచ్చేలా మారుస్తున్నాం, సగం అయింది.