రన్ నొక్కితే ఏం జరుగుతుంది?

ప్రియమైన పిల్లలూ,

"తాతయ్యా, వీఎస్ కోడ్ వేసుకుని సీ ప్రోగ్రాం రాశాను, రన్ నొక్కితే జీసీసీ ఎవరో తెలీదంటోంది, కంప్యూటర్ పాడైందా?" అని మీలో ఒకరు అడిగారు. పాడవలేదు నాన్నా, టెన్షన్ పడకు.

వీఎస్ కోడ్ ఒక ఎడిటర్, అంటే కోడ్ రాసుకునే చోటు, కొలతలు రాసుకునే పుస్తకం లాంటిది. అందులో ఎంత బాగా రాసినా చొక్కా రాదు కదా, కుట్టేవాళ్లు కావాలి. సీ భాషకి ఆ పని చేసేది, అంటే మీరు రాసినదాన్ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది కంపైలర్. 1987లో వచ్చిన జీసీసీ అలాంటిదే. అది ఎడిటర్‌తో పాటు రాదు, విడిగా తెచ్చుకోవాలి. విండోస్‌లో మిన్‌జీడబ్ల్యూ వేసుకుంటే వస్తుంది. వేసుకున్నాక దాని బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో, అంటే ప్రోగ్రాంల కోసం కంప్యూటర్ వెతికే ఫోల్డర్ల జాబితాలో చేర్చి, కుట్టేవాళ్ల ఇల్లెక్కడో చెప్పాలన్నమాట, ఆ తర్వాత ఎడిటర్‌ని మూసి మళ్లీ తెరవాలి.

చిన్నప్పుడు మా అత్తయ్య మిషన్ కుడుతుంటే పక్కనే కూర్చునేవాణ్ణి. పుస్తకంలో అంకె అర్థం కాకపోతే ఆవిడ కత్తెర ముట్టేది కాదు, "ముందు ఇది సరిగ్గా రాయించుకు రా" అని పంపేది. కానీ నడుము కొలత తప్పుగా, అయినా స్పష్టంగా రాసి ఉంటే? కుట్టేసేది. కంపైలరూ అంతే. సెమీకోలన్ మరిచిపోతే ఆగిపోతుంది, కూడాల్సిన చోట తీసేస్తే మాత్రం కిమ్మనకుండా కుట్టిపెడుతుంది. అందుకే ఎర్రర్ వస్తే భయపడి పక్కవాడి కోడ్ కాపీ కొట్టకండి, అది మీకు సాయమే. ఒకేసారి బోలెడు వస్తే మొదటిది దిద్ది మళ్లీ చూడండి, చాలాసార్లు మిగతావి దాని వెనకాల పుట్టినవే.

ఇంకోటి. పుస్తకంలో కొలత దిద్దినంత మాత్రాన కుట్టిన చొక్కా మారదు. కోడ్ మారిస్తే సేవ్ చేసి మళ్లీ కంపైల్ చేయాల్సిందే. వీఎస్ కోడ్‌లో కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్లు, కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్ఎఫ్ దగ్గర ఇరుక్కుంటారు, కింద అవుట్‌పుట్ కిటికీలో టైప్ చేయనివ్వదు. సెట్టింగ్స్‌లో రన్ ఇన్ టెర్మినల్ ఆన్ చేయండి, టెర్మినల్ అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీ.

తెర మీద అక్షరాలు చూపించే ప్రింట్ఎఫ్ మీరు కుట్టించింది కాదు, ముందే తయారై ఉన్న గుండీ. దాన్ని తెచ్చి అతికించేవాడు లింకర్. కంపైలర్ లోపలి పని అంతా నేను చెప్పలేను, అది చూసి తీరాలి. టెర్మినల్‌లో జీసీసీ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, హైఫన్, దాన్ని ఆనుకుని పెద్ద ఎస్, మళ్లీ ఖాళీ, ఫైలు పేరు. డాట్ ఎస్ ఫైలు ఒకటి పుడుతుంది, మీ కోడ్‌ని కంపైలర్ అసెంబ్లీ భాషలోకి మార్చిన రూపం అది, దాన్ని అదే ఎడిటర్‌లో తెరవండి. మీరు ప్రింట్ఎఫ్‌తో రాసింది చివర కొత్త లైను గుర్తున్న ఒట్టి వాక్యమే అయితే, అక్కడ చాలాసార్లు ప్రింట్ఎఫ్ బదులు పుట్స్ అని, వాక్యాన్ని చూపించే ఇంకో గుండీ కనిపిస్తుంది. ఎందుకు మార్చిందో ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య