సంఖ్యల్ని మాటల్లోకి మార్చే ప్రోగ్రామ్: అపోహలు - వాస్తవాలు

రసీదు కింద ‘అక్షరాలా ......... రూపాయలు మాత్రమే’ అని ఒక గీత ఉంటుంది కదా, దాన్ని తెలుగులో నింపే కోడ్ గురించి ఈ పోస్టు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ఇది తరచూ తగిలే చిన్న పని. ఎంత చిన్నదంటే, దీని గురించి ఎవరూ ఆలోచించరు. బగ్గులు వచ్చేది అందుకే.

అపోహ: ఇంగ్లీష్ కోడ్ తీసుకుని మాటలు మార్చేస్తే తెలుగు అయిపోతుంది.

కాదు. ఇంగ్లీష్ కోడ్ సంఖ్యని మూడేసి అంకెలుగా కోస్తుంది. మనకి చివరి మూడు పోగా మిగతావి రెండేసి. ఇది పెద్ద చిక్కేం కాదు, కోటి, లక్ష, వెయ్యి, వంద అనే వరసలో భాగించుకుంటూ వస్తే సరిపోతుంది. అసలు గొడవ మాట రూపంలో ఉంది.

వాళ్ల హండ్రెడ్ ఎక్కడున్నా హండ్రెడే. మనకి 100 అంటే వంద, 101 నూట ఒకటి, 200 రెండు వందలు, 201 రెండు వందల ఒకటి. ఒకే స్థానానికి నాలుగు రూపాలు. లక్షకీ అంతే: లక్ష, లక్షా, లక్షలు, లక్షల. అందుకని ఒక్కో స్థానానికి ఒక మాట కాకుండా నాలుగు గడుల పట్టిక పెట్టుకోండి. ముందున్నది ఒకటేనా, వెనక శేషం ఏమైనా మిగిలిందా అని రెండు ప్రశ్నలు వేస్తే ఏ గడి తీసుకోవాలో తేలిపోతుంది.

చాలామంది ఇక్కడిదాకా బాగానే వస్తారు, తర్వాత కోట్ల దగ్గర బోల్తా పడతారు. 200 కోట్లకి ఫంక్షన్ (సంఖ్య తీసుకుని మాటలు తిరిగిచ్చే కోడ్ ముక్క) తనని తానే 200తో పిలుచుకుంటుంది. అది ‘రెండు వందలు’ అని తిరిగిస్తుంది, పక్కన కోట్లు చేరి ‘రెండు వందలు కోట్లు’ అవుతుంది. అలా ఎవరూ మాట్లాడరు. వెనక ఇంకో మాట రాబోతోందని ఫంక్షన్‌కి ఒక ఫ్లాగ్ (అవును/కాదు అనే గుర్తు) పంపాలి. అప్పుడు ‘రెండు వందల కోట్లు’ వస్తుంది. కానీ ఆ ఫ్లాగ్‌ని ఏకవచనం మీద వాడకండి: 100 కోట్లు ‘నూట కోట్లు’ కాదు, వంద కోట్లే. నూట రావాలంటే వెనక శేషమే ఉండాలి. రూపాయలు తగిలించినా ఇదే సూత్రం, వంద రూపాయలు, రెండు వందల రూపాయలు. 21,000ని కూడా ఆ ఫ్లాగే కాపాడుతుంది: ‘ఇరవై ఒకటి వేలు’ కాదు, ఇరవై ఒక్క వేలు.

అపోహ: 1 నుంచి 99 దాకా అన్నీ టైపు చెయ్యాల్సిందే.

అది హిందీకి. తెలుగులో 1 నుంచి 19 వరకు, ఆపైన ఇరవై నుంచి తొంభై దాకా ఎనిమిది పదులు. మొత్తం 27 మాటలు, అంతే.

అపోహ: ఎక్సెల్‌లో రెడీమేడ్ ఫార్ములా ఉండే ఉంటుంది.

ఉంది, థాయ్ భాషకి! బాత్‌టెక్స్ట్ అని. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఇచ్చే స్పెల్‌నంబర్ మాక్రో డాలర్లు, సెంట్లలో చెబుతుంది. జావాస్క్రిప్ట్‌కి తెలుగు లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగు) ఇస్తే 12,34,567 అని మన పద్ధతిలో కామాలు పెడుతుంది గానీ మాటలు ఇవ్వదు.

అపోహ: పైసలదేముంది, వందతో గుణిస్తే వచ్చేస్తాయి.

పైథాన్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో 19.99ని 100తో గుణించి చూడండి. 1999 రాదు, 1998.9999999999998 వస్తుంది. దాన్ని పూర్ణాంకం చెయ్యగానే దశాంశం తర్వాతదంతా ఎగిరిపోయి, రసీదు మీద ‘పంతొమ్మిది రూపాయల తొంభై ఎనిమిది పైసలు’ అని పడుతుంది. పైసానే కదా అనుకోకండి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం చెక్కు మీద అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాల్లో ఉన్నదే లెక్క. మొత్తాన్ని మొదటి నుంచీ పైసల్లో పూర్ణాంకంగా దాచుకోండి. లేదా డెసిమల్ టైపు (దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచే రకం) వాడండి, దానికి కూడా సంఖ్యని స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరసగానే ఇవ్వాలి. ఫ్లోట్‌గా, అంటే కంప్యూటర్ దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచుకునే మామూలు రూపంలో ఇస్తే తప్పు అప్పటికే లోపలికి వచ్చేసినట్టే.

అపోహ: ఒక ఫంక్షన్ రాస్తే అన్నిటికీ పనికొస్తుంది.

1947 రూపాయలైతే వెయ్యి తొమ్మిది వందల నలభై ఏడు, సంవత్సరమైతే పంతొమ్మిది వందల నలభై ఏడు. ఫోన్ నంబరైతే ఒక్కో అంకే చదవాలి. ఏది ఏమిటో కోడ్‌కి తెలీదు, పిలిచేవాళ్లే చెప్పాలి.

అపోహ: ఓ వెయ్యి రాండమ్ సంఖ్యలతో టెస్ట్ చేస్తే ఇక టెన్షన్ లేదు.

రాండమ్‌గా తీస్తే వచ్చేవి ఎక్కువగా 48,37,216 లాంటివి. అన్ని స్థానాలూ నిండిన సంఖ్య ఎప్పుడూ బుద్ధిగానే పలుకుతుంది, తప్పులుండేది సున్నాల దగ్గర. ఏ స్థానంలోనూ ఏమీ లేదు కాబట్టి 0కి ఖాళీ స్ట్రింగ్ వచ్చి ‘అక్షరాలా రూపాయలు మాత్రమే’ అని అచ్చవుతుంది. నేను ఏ కోడ్‌కైనా ముందు పెట్టే సంఖ్యలు ఇవి: 0, 1 (ఒక రూపాయి రావాలి, ‘ఒకటి రూపాయలు’ కాదు), 100, 101, 200, 1,000, 1,116, 21,000, 1,00,000, 1,00,001, 100 కోట్లు, 200 కోట్లు, లక్ష కోట్లు.